డాక్టరమ్మ నడిపిన బండి

సంసారం చక్కబడాలంటే యోగా అక్కర్లేదు, కౌన్సెలింగ్ అక్కర్లేదు, కాశీయాత్ర అంతకన్నా అక్కర్లేదు. ఎవరో వాడి వదిలేసిన ఆల్ వీల్ డ్రైవ్ ఫ్యామిలీ కారు ఒకటి కొనుక్కుంటే చాలు!

నవ్వకండి. నమ్మకం లేకపోతే బందరు వచ్చి సరోజను అడగండి. డిగ్రీలో ఫిజిక్స్ చదువుకుని, పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ శాస్త్రాన్ని ప్రెషర్ కుక్కరు మీద ప్రయోగిస్తున్న గృహిణి ఆవిడ. భర్త భానుప్రకాష్‌కు బస్టాండు దగ్గర ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. ఆయన ఈ కారు తెచ్చిన నెలలోనే సరోజ డ్రైవింగ్ స్కూల్లో చేరింది. రివర్సులో ఎనిమిది అంకె వేసి మరీ లైసెన్సు తెచ్చుకుంది. ఆవిడ కోరిక ఒక్కటే. దివిసీమలో ఉన్న చెల్లెలు పుష్పావతి ఇంటికి, ఒక్కసారి, తన చేత్తో స్టీరింగ్ పట్టుకుని వెళ్ళాలి.

"లైసెన్సు ఉండటం చాలా మంచిది సరోజా," అన్నాడు భానుప్రకాష్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి. "ఐడీ ప్రూఫ్ కింద పనికొస్తుంది."

చూశారా, కారు ఇంటికి రాగానే ఎంత లాభమో! ఆధార్ కార్డుకు తోడు దొరికింది.

అసలు ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఏమిటో తెలియని వాళ్ళుంటారు. మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. మిగతా రెండూ పెళ్ళి ఊరేగింపులో వెనకాల నడిచే చుట్టాల్లాగా ఊరికే దొర్లుతుంటాయి. ఈ బండిలో నాలుగూ పనిచేస్తాయి. బురదలో, ఇసకలో, కొండల మీద తిరుగుండదు. బందరు చుట్టుపక్కల కొండలెక్కడున్నాయని అడక్కండి. మా డెల్టాలో కారు ఎక్కగలిగిన మహాశిఖరం కాలవ మీది వంతెనే. అయితే మాత్రం? ఇంట్లో పులి ఉంటే చాలదా, అది వేటాడాలా ఏమిటి?

పైగా ఆ బండి గొప్పతనమంతా అది ఎవరి చేతిలో పెరిగిందన్న దాంట్లో ఉంది. అమ్మినవాడు చెప్పిన మాటను భానుప్రకాష్ బారసాలల్లో, పెళ్ళిళ్ళలో, చివరికి ఒక సంతాప సభలో కూడా తు.చ. తప్పకుండా అప్పజెప్పాడు.

"సింగిల్ ఓనర్ అండీ! హైదరాబాదులో ఒక డాక్టరమ్మగారు. ఆవిడ తప్ప ఇంకో చెయ్యి పడలేదు. ఆడవాళ్ళు నడిపిన బండి ఎలా ఉంటుందనుకున్నారు? పువ్వు! పువ్వులా ఉంటుంది!"

"అయితే నేను నడిపినా పువ్వులాగే ఉంటుందిగా?" అంది సరోజ ఒకసారి, కాఫీ అందిస్తూ.

"నీకెందుకు ఆ టెన్షనంతా," అన్నాడు భానుప్రకాష్ ఎంతో ప్రేమగా.

భార్య టెన్షను గురించి అంతగా ఆలోచించే భర్తలు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు, మీరే చెప్పండి! మంచి రోడ్డు మీదైనా ఇవ్వమంటే, అక్కడ ట్రాఫిక్ ఎక్కువ. ఖాళీ రోడ్డు మీద ఇవ్వమంటే, అక్కడ గుంటలు ఎక్కువ. గుంటలూ ట్రాఫిక్కూ లేని రోడ్డు దొరికితే, దాని మీద నడపడం నేర్చుకుని ఉపయోగం ఏముంది? ఇంతటి తర్కశాస్త్రం ఏ కాలేజీలో చెబుతారండీ?

ఇక ఈ బండి వల్ల కుటుంబంలో కలిగే ఐక్యత సంగతి. కొన్న కొత్తల్లో వెనక వైపు నుంచి సన్నగా 'గుయ్' మని ఒక చప్పుడు మొదలైంది. అంతకుముందు ఆ ఇంట్లో నలుగురు కూర్చుంటే నాలుగు ఫోన్లు మోగేవి. చప్పుడు వచ్చాక? ఫోన్లు పక్కన పడేసి, ఊపిరి బిగబట్టి, అందరూ ఒకే శబ్దం కోసం చెవులు రిక్కించేవారు. "ఇదిగో, ఇప్పుడొచ్చింది!" "కాదు, అది పక్కన వెళ్ళే ఆటోది." ధ్యానకేంద్రాలకు వెళ్ళినా రాని ఏకాగ్రత అది! ఎదురింటి బాలస్వామి, పోస్టాఫీసులో చేసి రిటైరైన పెద్దమనిషి, ఆ చప్పుడు వినడానికే సాయంత్రం పూట వచ్చి వెనక సీట్లో కూర్చునేవారు. వినడం అయ్యాక ఆయనకు టిఫిను పెట్టడం సరోజకు దక్కిన అదనపు పుణ్యం.

టైర్ల విషయానికి వద్దాం. ఒక రోజు మేకు దిగి ఒక టైరు పాడైపోయింది. మామూలు కారైతే ఒక టైరు మార్చేసి మర్చిపోతారు. అందులో మజా ఏముంది?

"ఒక్కటే కొత్తది వేస్తే కుదరదు సార్," అన్నాడు మెకానిక్ జిలానీ. "ఈ బండికి నాలుగూ ఒకే రకంగా అరిగుండాలి. ఒకటి పొడుగూ మూడు పొట్టీ అయితే లోపల గేర్లు కొట్టుకు చస్తాయి."

అంటే నాలుగూ కొత్తవన్నా వెయ్యాలి, లేదా ఇప్పుడున్న మూడింటితో సమానంగా అరిగిన పాత టైరన్నా వెతకాలి. భానుప్రకాష్ రెండో దారి పట్టాడు. బెజవాడ ఆటోనగర్ అంతా గాలించాడు. కంపెనీ చూశాడు, పుట్టిన సంవత్సరం చూశాడు, అరుగుదల చూశాడు, పూర్వపు యజమాని నడవడిక విచారించాడు. తన పెళ్ళికి జాతకం ఇందులో సగం కూడా చూడలేదని సరోజకు ఆ రోజే తెలిసింది. చివరికి సంబంధం కుదిరింది. టైరు ఇంటికొచ్చిన పూట భానుప్రకాష్ వీధంతా బందరు లడ్డూలు పంచాడు. వచ్చినవాళ్ళు కొత్త టైరు ఏదో పోల్చుకోలేకపోయారు. అదే కదా మరి కావలసింది!

ఆరోగ్యమంటారా? దానికీ ఈ బండే దిక్కు. ఇసకలో నడిచే కారు కదా, మంగినపూడి బీచికి వెళ్తే అలల దాకా పోతుందనుకుంటారు అమాయకులు. భానుప్రకాష్ దాన్ని సముద్రం కనపడని చోట, తారు రోడ్డు మీద, చెట్టు నీడ చూసి ఆపుతాడు. ఇసక లోపలికి పోతే? ఉప్పుగాలి తగిలితే? అక్కణ్ణించి కుటుంబమంతా పులిహోర డబ్బాలు మోసుకుంటూ నడక. పక్కనుంచి ముక్కుతూ మూలుగుతూ ఆటోలు ఇసక అంచు దాకా వెళ్ళిపోతుంటాయి. వాటిలోంచి పిల్లలు చేతులూపుతుంటారు. నడక గుండెకు ఎంత మంచిదో డాక్టర్లంతా చెబుతూనే ఉన్నారు.

వాన పడితే ఆయన కారు మీద టార్పాలిన్ కప్పి, స్కూటరు మీద కొట్టుకు వెళ్తాడు. తాను తడిసి కారును కాపాడుకునే మనిషిని చూస్తే త్యాగమంటే ఏమిటో తెలుస్తుంది.

ఇక అసలు రత్నం దగ్గరికి వద్దాం. గేరు పక్కన ఒక గుండ్రటి బటన్ ఉంది. దాని మీద నాలుగు చక్రాల బొమ్మ. మామూలు రోడ్డు మీద బండి తన పని తాను చూసుకుంటుంది. బాగా దిగబడిపోయినప్పుడు ఈ బటన్ నొక్కితే నాలుగు చక్రాలూ ఒక్క పట్టు మీద లాగుతాయి. ఇంత డబ్బు పోసి ఈ బండి కొన్నదే ఆ బటన్ కోసం.

ఆ బటన్‌కు ఫ్యాక్టరీ వాళ్ళు అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది! డాక్టరమ్మ తియ్యలేదు. భానుప్రకాష్ తియ్యనివ్వలేదు. చుట్టాలొస్తే కారు తలుపు తీసి దూరం నుంచి చూపిస్తాడు. ఎవరైనా వేలు చాపితే, "నొక్కకండి, నొక్కకండి!" అని చేతులడ్డం పెడతాడు.

"ఎప్పుడు నొక్కుతారండీ మరి?"

"అవసరానికి ఉంటుందని దాచాం."

ఇది అర్థం కాకపోతే మీరు తెలుగింట్లో పుట్టలేదన్నమాట. బీరువాలో అడుగున కొత్త దుప్పట్లు ఎందుకుంటాయి? షోకేసులో గాజు డిన్నర్ సెట్టు ఎందుకుంటుంది? అవి వాడటానికి కాదు. వాడే రోజు ఒకటి వస్తుందన్న ధైర్యానికి. మనం కప్పుకునేది మాత్రం చిరిగిన దుప్పటే.

ఇంతలో శ్రావణమాసం వచ్చింది. దివిసీమలో పుష్పావతి గృహప్రవేశం పెట్టుకుంది. ఆవిడ భర్త కిరణ్ కుమార్‌కు నాగాయలంక దాటాక రొయ్యల చెరువులున్నాయి. కొత్త ఇల్లు ఆ చెరువుల పక్కనే. తారు రోడ్డు దిగి మట్టికట్ట మీద మూడు కిలోమీటర్లు వెళ్ళాలి. పాలు పొంగించే ఇత్తడి గిన్నె పుట్టింటి వైపు నుంచి రావాలని చెల్లెలి పట్టు. అక్కగా దాన్ని తెచ్చే బాధ్యత సరోజది. గిన్నె వస్తేనే పొయ్యి వెలుగుతుంది.

"ఈసారన్నా నన్ను నడపనివ్వండీ. పొద్దున్నే బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుంది."

"శుభకార్యానికి వెళ్తూ ప్రయోగాలెందుకు?"

అశుభకార్యానికి వెళ్ళేటప్పుడు అడగాలి కాబోలని సరోజ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఎడమవైపు సీట్లో కూర్చుంది. వెనక సీట్లో బాలస్వామి. మోపిదేవి గుళ్ళో దర్శనం చేసుకుంటానని ఎక్కిన మనిషి, భానుప్రకాష్ చెప్పే గేరుబాక్సు పురాణంలో పడి, మోపిదేవి దాటింది చూసుకోలేదు. అవనిగడ్డ వచ్చాక, "స్వామి పిలవలేదు, మనమేం చేస్తాం!" అని సర్దుకున్నారు.

కట్ట మొదట్లో భానుప్రకాష్ కారు ఆపేశాడు. రాత్రంతా వాన. రొయ్యల లారీలు తిరిగి కట్టను దుక్కి దున్నినట్టు చేశాయి.

"ఇక్కణ్ణించి ఆటో మాట్లాడదాం."

"బురద కోసమే కదండీ ఈ బండి కొన్నది?"

"బురద కోసమే కొన్నాం. కానీ ఇది మరీ బురద."

అక్కడున్న ఒకే ఒక ఆటో అబ్బాయి కట్టను చూశాడు, కారును చూశాడు. "నా డొక్కు ఆటోకి అంత సీను లేదండీ బాబూ. మీదేదో బురదలో పోయే బండంట కదా! మొన్న కిరణ్ కుమార్‌గారు చెప్పారు. పోనివ్వండి, మేమూ చూస్తాం!"

ఫోనులో పుష్పావతి గొంతు కంగారుగా ఉంది. "అక్కా, ఎక్కడున్నారే? పంతులుగారు మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నారు. పాలు వచ్చి కూర్చున్నాయి, గిన్నే లేదు!"

పరువు ఒకవైపు, పెయింటు ఒకవైపు. చివరికి పరువే నెగ్గింది. భానుప్రకాష్ కారును కట్ట మీదికి దించాడు. అప్పడాల మీద నడుస్తున్నంత జాగ్రత్తగా పోనిచ్చాడు. సగం దూరం బాగానే సాగింది. అక్కడ ఒక నీళ్ళగుంట ఎదురైంది. అలాగే వెళ్ళిపోతే దాటేసేదే. కానీ దాని లోతెంతో ఆలోచించడానికి ఆయన కారు ఆపాడు. బురదలో ఆపిన కారు ఏం చేస్తుంది? హాయిగా కూర్చుంది.

యాక్సిలరేటర్ తొక్కితే చక్రాలు గిర్రున తిరిగాయి. బురద లేచి బాలస్వామి తెరిచి ఉంచిన కిటికీలోంచి లోపలికి వచ్చి ఆయన్ను పలకరించింది.

"ఏవండీ, ఆ బటన్..." అంది సరోజ.

"ఉండు! అప్పుడే వద్దు."

"ఇంకెప్పుడండీ?"

"రేపు ఇంతకన్నా పెద్ద అవసరం వస్తే?"

 సరోజ తన జవాబును అవసరానికి ఉంటుందని దాచుకుంది.

చెరువు దగ్గర పనిచేసే ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. "తోసేద్దాం రండయ్యా! ఎవరో ఒకరు లోపల కూచుని స్టీరింగ్ పట్టుకోండి." ఇక్కడే గొప్ప సమస్య వచ్చింది. తోయడమంటే బలం కావలసిన పని, అది మగవాళ్ళదే. భానుప్రకాష్ దిగాలి. బాలస్వామి పోస్టాఫీసు సైకిలు తప్ప ఇంకేదీ నడిపిన పాపాన పోలేదు, కాబట్టి ఆయనా దిగాలి. మిగిలింది ఎవరు?

భానుప్రకాష్ ప్యాంటు మడుచుకుంటూ చెప్పాడు. "సరోజా, నువ్విటొచ్చి కూర్చో. నువ్వేం చెయ్యక్కర్లేదు. ఊరికే స్టీరింగ్ పట్టుకో. నే చెప్పినప్పుడు కాస్త యాక్సిలరేటర్ మీద కాలు పెట్టు. దేన్నీ ముట్టుకోకు."

పాఠకమహాశయులారా, లైసెన్సు వచ్చిన మూడేళ్ళకు సరోజకు స్టీరింగ్ అలా దక్కింది. కదలని కారులో!

ఆవిడ గిన్నెను పక్క సీట్లో పెట్టి దానికి సీటు బెల్టు వేసింది. తన సీటు ముందుకు జరుపుకుంది. అద్దాలు సరిచేసుకుంది. "అయిందా?" అని వెనక నుంచి కేక. "ఒక్క నిమిషమండీ," అంది. మధ్య అద్దంలో భర్త కనిపించాడు, మోకాళ్ళ దాకా బురదలో, డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి. అప్పుడు సరోజ గోటితో ఆ ప్లాస్టిక్ కాగితం అంచు పట్టుకుని నెమ్మదిగా లాగింది. కొత్త వస్తువు మీది కాగితం లాగేటప్పుడు వచ్చే ఆ సుఖం ఎలాంటిదో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బటన్ నొక్కింది.

డాష్‌బోర్డు మీద చిన్న దీపం వెలిగింది.

"ఊఁ, ఇప్పుడు!" అన్నాడు భానుప్రకాష్.

ఆవిడ పాలపొయ్యి మంట పెంచినంత మెల్లగా కాలు నొక్కింది. బండి ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. నాలుగు చక్రాలూ నేలను కరిచి పట్టుకున్నాయి. బండి లేచింది! ఎంత సులువుగా లేచిందంటే, ప్రాణం పెట్టి తోస్తున్న నలుగురూ దానితో పాటు ముందుకొచ్చి, అది వెళ్ళిపోయాక ఒకరి మీద ఒకరు బురదలో బోర్లాపడ్డారు.

"ఆపు! ఆపు!" అని అరిచాడు భానుప్రకాష్ నేల మీంచే.

"ఆపకండమ్మోయ్! ఆపితే మళ్ళీ దిగబడిపోద్ది! పోనివ్వండి!" అని అరిచారు చెరువుల వాళ్ళు.

రెండు సలహాలు వచ్చినప్పుడు విద్యావంతురాలైన స్త్రీ ఏం చెయ్యాలి? చదివిన చదువును నమ్ముకోవాలి. ఫిజిక్సు రెండో పక్షాన ఉంది. సరోజ పోనిచ్చింది.

ఎడమ పక్క చెరువుల్లో రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. కుడి పక్క కొంగలు బారులు బారులుగా లేచిపోతున్నాయి. గుంటలన్నీ ఒక్కొక్కటే వచ్చి చక్రాల కింద పడి నలిగిపోతున్నాయి. సరోజకు నవ్వొచ్చింది. కారులో ఎవరూ లేరు కదా అని గట్టిగానే నవ్వింది. పక్క సీట్లో గిన్నె కూడా గణగణా మోగింది.

కొత్త ఇంటి ముందు కారు ఆగగానే పుష్పావతి పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని వచ్చింది. "వచ్చావా తల్లీ! బావగారేరీ?"

"వస్తున్నారు. వెనకాలే, నడుచుకుంటూ."

కిరణ్ కుమార్ డ్రైవరు సీటు వైపు వెళ్ళి లోపలికి తొంగిచూశాడు. చుట్టూ తిరిగి చూశాడు. "వదినగారూ, డ్రైవరెక్కడండీ? భోంచేసి వెళ్ళమనండి."

"తప్పకుండా భోంచేసే వెళ్తుంది," అంది సరోజ.

ముహూర్తానికి పాలు పొంగాయి. తూర్పు వైపే పొంగాయి.

భానుప్రకాష్ నిలువెల్లా బురదతో వచ్చి, ఇంట్లోకి రాకుండా ముందు కారు దగ్గరికి వెళ్ళాడు. బటన్ వైపు చూశాడు.

"నొక్కావా?"

"నొక్కానండీ."

"కాలిన వాసనేమన్నా వచ్చిందా?"

"పాల వాసన వచ్చింది. కాళ్ళు కడుక్కుని రండి."

భోజనాల దగ్గర ఆయన పూర్తిగా తేరుకున్నాడు. గారెల మీద గారెలు వేయించుకుంటూ పంక్తి పంక్తంతటికీ వినపడేలా చెప్పాడు. "అంత బురదలోంచి ఎలా లేచొచ్చేసిందనుకున్నారు! తనంతట తనే వచ్చేసింది. మన బండండీ! అందుకే అన్నాను, డాక్టరమ్మ నడిపిన బండి అని!" బాలస్వామి బురద చొక్కాతోనే తల ఊపారు. వడ్డన చేస్తున్న సరోజ భర్త విస్తట్లో ఇంకో గారె వేసింది.

తిరుగు ప్రయాణంలో కట్ట దగ్గర భానుప్రకాష్ తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు. "ఈ బురద నీకు అలవాటైంది కదా. కాస్త దాటించు." ఆవిడ దాటించింది. తారు రోడ్డు ఎక్కగానే ఆయన భుజం తట్టాడు. "పాపం, అలిసిపోయుంటావు. దిగు. ఇక మంచి రోడ్డే, నేను చూసుకుంటాను."

ఆవిడ దిగి, గిన్నె లేని ఖాళీ ఒళ్ళో చేతులు పెట్టుకుని, బందరు దాకా వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, ఆ బండి వరం కాదా? అప్పట్నుంచి అక్కాచెల్లెళ్ళ మధ్య ప్రేమ ఎంత పెరిగిందనుకున్నారు! బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పగానే ఊళ్ళో వాళ్ళంతా ఆరేసిన బట్టలు తీసుకుంటారు. సరోజ ఫోను తీసుకుంటుంది. "పుష్పా, బాగా పడిందా? లారీలు తిరిగాయా? కట్ట బాగా చెడిందా? అయితే ఆదివారం వస్తున్నాం!" చెల్లెలంటే తన భార్యకు ఇంత ప్రాణమని భానుప్రకాష్‌కు ఇన్నాళ్ళూ తెలియదు.

మొన్న కిరణ్ కుమార్ ఫోను చేశాడు. "వదినగారూ, శుభవార్త! మా కట్టకు తారు రోడ్డు శాంక్షన్ అయిందండీ. ఎలక్షన్ల లోపు వేసేస్తారంట!"

పక్కనే ఉన్న భానుప్రకాష్ ముఖం వెలిగిపోయింది. "హమ్మయ్య! ఇక ఇంటి గుమ్మం దాకా నేనే నడుపుకుంటూ వెళ్ళొచ్చు."

కనుక సంబంధిత అధికారులకు, ఇంజనీర్లకు, కాంట్రాక్టరు గారికి సవినయంగా మనవి. రాష్ట్రంలో ఇంకెక్కడైనా రోడ్లు వేసుకోండి, మేమేమీ అనం. ఆ మూడు కిలోమీటర్ల జోలికి మాత్రం రాకండి. ఒక ఇల్లాలి చేతికి స్టీరింగ్ ఇచ్చే రోడ్డు మా వైపు అదొక్కటే ఉంది.